కాస్త జరగండి

తునిలో పాసింజరు ఆగగానే మామిడికాయల గంపతో ఒకామె ఎక్కేది. ముగ్గురు కూర్చోవలసిన బెంచీ మీద అప్పటికే నలుగురం ఉండేవాళ్ళం. ఆమె మా ముఖాలు చూసేది కాదు, బెంచీ వంక చూసేది. "కాస్త జరగండమ్మా" అనేది. ఎవరూ లేచేవారు కాదు, ఎవరూ కాదనేవారూ కాదు. తలా రెండంగుళాలు జరిగితే ఎనిమిదంగుళాల చోటు పుట్టేది. దాని అంచున ఆమె ఒక పక్కగా ఆనేది. నర్సీపట్నం రోడ్డు దాటేసరికి సగం కూర్చునేది. అనకాపల్లిలో ఎవరో దిగేవారు. ఇక అక్కడి నుంచి బాసింపట్టు వేసుకుని, నాకే ఇంటి సంగతులు చెప్పేది.

పదకొండేళ్ళు తుని నుంచి విశాఖకు అప్ అండ్ డౌన్ చేశాను. అక్కడ ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ నెట్‌వర్కుల పాఠం చెప్పేదాన్ని. ఇంటర్నెట్‌లో వెళ్ళే ప్యాకెట్‌ను పుస్తకాలన్నీ పోస్టుకార్డుతో పోలుస్తాయి కదా, నేనూ అలాగే పోల్చేదాన్ని. ఒక ఏడాది వెనక బెంచీ కుర్రాడు లేచి, "మేడమ్, పోస్టుకార్డు ఎంత సైజుంటుంది?" అని అడిగాడు. వేళాకోళం కాదు, నిజంగానే తెలియదు. ఆ రోజుతో పోస్టుకార్డుకు సెలవిచ్చి, రోజూ నా నడుముకు అనుభవమవుతున్న ఉపమానాన్నే బోర్డు మీదకు తెచ్చాను. జనరల్ బోగీ.

దానికి ముందు రిజర్వుడు బెర్తు సంగతి చెప్పాలి. అంటే టెలిఫోను. మా పెద్దన్నయ్య భిలాయ్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తలో నాన్న నన్ను వెంటబెట్టుకుని పోస్టాఫీసుకు వెళ్ళి ట్రంక్ కాల్ బుక్ చేశారు. ఆర్డినరీయా, అర్జెంటా, లైట్నింగా అని అడిగారు. ఆర్డినరీ అన్నారు నాన్న, మధ్యాహ్నమంతా బల్ల మీద కూర్చున్నాం. తీరా లైను కలిశాక "ఏరా, బాగున్నావా?" అన్నారు. ఆ తర్వాత ఆయనకు మాట రాలేదు. అటు అన్నయ్యకూ రాలేదు. తుని నుంచి భిలాయ్ దాకా దారిలో ఉన్న ఎక్స్ఛేంజీలన్నిటిలో మా కోసం తీగలు కలిపి పెట్టారు, ఆ దారిలో ఇంకెవరి మాటా పోవడానికి వీల్లేదు, మేమేమో మౌనంగా ఉన్నాం. మూడు నిమిషాలకూ డబ్బు కట్టాం. నెట్‌వర్కుల లెక్కలో అది శుద్ధ దండగ. నాన్న మాత్రం ఇంటికి వచ్చేదాకా కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నారు, దండగ అన్న మాట ఆయన నోట రాలేదు.

మనుషుల మౌనానికైతే ఏదో విలువుంది. కంప్యూటర్ల మౌనానికి ఏ విలువా లేదు. అవి మాట్లాడే తీరే అంత, గుప్పుమని నాలుగు మాటలు, ఆపైన బోలెడంత నిశ్శబ్దం. అలాంటివాటికి బెర్తు రిజర్వు చేస్తే బండంతా ఖాళీగా పోతుంది, ప్లాట్‌ఫారమ్ మీదేమో జనం నిలబడే ఉంటారు. ఈ సంగతి 1960ల్లో అట్లాంటిక్‌కు చెరో పక్కనా ఇద్దరికి విడివిడిగా తట్టింది. అమెరికాలో రాండ్ సంస్థలో పనిచేసే పాల్ బారన్ ఆలోచన యుద్ధభయంలోంచి పుట్టింది. బాంబు పడి నడిమధ్య ఎక్స్ఛేంజీలు పోయినా మాట ఎలా చేరుతుందన్నది అతని ప్రశ్న. మాటను ముక్కలు చేసి వల లాంటి దారుల్లో వదిలేయాలి, ఏ ముక్కకు ఏ దారి దొరికితే అటు పోతుందని 1964లో సంపుటాలకు సంపుటాలు రాశాడు. అమెరికా టెలిఫోన్ కంపెనీ ఇంజనీర్లు ఇతనికి టెలిఫోన్ ఎలా పనిచేస్తుందో తెలియదని చప్పరించేశారు. బ్రిటన్‌లో డొనాల్డ్ డేవిస్‌కు బాంబుల బెంగ లేదు, కంప్యూటర్ల కోసం తీగలు ఖాళీగా పడి ఉండటమే అతనికి కష్టంగా తోచింది. ఆ ముక్కలకు 'ప్యాకెట్' అని పేరు పెట్టింది అతనే. పెట్టేముందు ఇది వేరే భాషల్లో కూడా చెల్లుతుందా అని భాష తెలిసినవాళ్ళను అడిగాడట. పాల ప్యాకెట్, ఉప్పు ప్యాకెట్ అనే మన ఊళ్ళకు ఆ మాటను అనువదించే పని లేకుండా పోయింది.

ఇక్కడ ఒక పుకారు సంగతి. ఇంటర్నెట్‌కు తల్లి అయిన ఆర్పానెట్‌ను అణుయుద్ధం తట్టుకోవడానికే కట్టారని ఇప్పటికీ రాస్తుంటారు. బారన్ ఊహకు యుద్ధం కారణం, ఆర్పానెట్‌కు మాత్రం పొదుపు కారణం. పెంటగాన్‌లో బాబ్ టేలర్ అనే అధికారి గదిలో మూడు టెర్మినళ్ళు ఉండేవి. మూడూ మూడు ఊళ్ళ కంప్యూటర్లతో మాట్లాడేవి, మూడింటి భాషలూ వేరు. ఒకదాని ముందు నుంచి లేచి ఇంకోదాని ముందు కూర్చోవడం విసుగై, ఒక్కదాని నుంచే అన్నిటికీ వెళ్ళే వీలుండాలని 1966లో డబ్బు అడిగాడు. పెద్ద పెద్ద పనులకు ఇలాంటి చిన్న విసుగులే మూలమైతే నాకెందుకో ధైర్యంగా ఉంటుంది.

1969 అక్టోబరు 29 రాత్రి పదిన్నరకు లాస్ ఏంజెలిస్‌లోని విశ్వవిద్యాలయంలో చార్లీ క్లైన్ అనే విద్యార్థి, ఐదు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరాన ఉన్న స్టాన్‌ఫర్డ్ పరిశోధనాకేంద్రపు కంప్యూటర్‌లోకి 'లాగిన్' అని కొట్టబోయాడు. ఎల్ కొట్టి, చెవి దగ్గరి ఫోనులో "వచ్చిందా?" అన్నాడు. "వచ్చింది." ఓ కొట్టాడు. "వచ్చింది." జీ కొట్టగానే అవతలి కంప్యూటర్ కూలబడింది. గంట తర్వాత లేచిందనుకోండి. జనరల్ బోగీ మొదటిసారి కదిలినప్పుడు, కదిలిందో లేదో చెప్పడానికి పక్కన రిజర్వుడు బెర్తు ఉండాల్సి వచ్చింది.

పాఠంలో నేను ఎక్కువసేపు ఆగేది మాత్రం అదే ఏడాది ఏప్రిల్ దగ్గర. ఈ యంత్రాలు ఒకదానితో ఒకటి ఏ పద్ధతిలో మాట్లాడాలో తేల్చే పని కొందరు విద్యార్థుల నెత్తిన పడింది. వాళ్ళలో స్టీవ్ క్రాకర్ ఆ చర్చల సారాన్ని కాగితం మీద పెట్టాలి. తామేమో కుర్రాళ్ళు, ఎవరో పెద్దవాళ్ళు ఎక్కడి నుంచో వచ్చి "మిమ్మల్నెవరు రాయమన్నారు?" అంటారేమోనని బెరుకు. అప్పుడతను స్నేహితుల ఇంట్లో ఉంటున్నాడు. వాళ్ళ నిద్ర చెడుతుందని రాత్రిపూట స్నానాలగదిలో కూర్చుని రాశాడు. పైన 'నియమావళి' అని పెట్టలేదు, 'అభిప్రాయాలు చెప్పమని మనవి' అన్న అర్థం వచ్చేలా పెట్టాడు. ఈ వరస కాగితాలు ఇప్పుడు తొమ్మిది వేలు దాటాయి. ప్రపంచం మొత్తాన్ని కలిపే వల నియమాలన్నీ ఈనాటికీ ఆ శీర్షిక కిందే వెలువడుతున్నాయి. ఇంట్లోవాళ్ళు లేస్తారేమోనని దీపం చాటుచేసుకుని చదువుకున్న మా తరానికి ఆ స్నానాలగది వెంటనే అర్థమవుతుంది.

1974లో వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ ఇంకో అడుగు వేశారు. అప్పటికే రకరకాల వలలున్నాయి, తీగల మీద ఒకటి, రేడియో మీద ఒకటి, ఉపగ్రహం మీద ఒకటి. వాటన్నిటినీ ఒకే అచ్చులో పోయకుండానే కలపాలి. వాళ్ళ ఉపాయం నా మాటల్లో చెబితే ఇదీ: దారిలో ఉన్న కూలీ సామాను తెరవకూడదు, గుర్తుపెట్టుకోకూడదు, హామీ ఇవ్వకూడదు. పైనున్న చిరునామా చూసి పక్క స్టేషనుకు అందించి మరిచిపోవాలి. చేరిందా లేదా, వరస తప్పిందా, తప్పిపోయినది మళ్ళీ పంపాలా అన్న బాధ్యతంతా పంపినవాడిదీ అందుకున్నవాడిదీ. అందుకున్నవాడు "అందింది" అని చిన్న కబురు పంపాలి. కబురు రాకపోతే పోయినట్టే లెక్క. 1983 జనవరి 1న ఆర్పానెట్ యంత్రాలన్నీ ఈ పద్ధతికి మారాయి. దాని పేరే టీసీపీ, ఐపీ.

నిక్కచ్చిగా చెప్పాలంటే ఇంటర్నెట్ ఏ మాటా ఇవ్వదు. మీ ప్యాకెట్ చేరుస్తానని దారిలో ఏ యంత్రమూ ఒప్పుకోలేదు. ఆ యంత్రాన్నే రౌటర్ అంటారు, దాని దగ్గర వరస నిండిపోతే కొత్తగా వచ్చినదాన్ని కింద పారేస్తుంది, అంతే. సారీ కూడా చెప్పదు. ప్రతి ప్యాకెట్ నుదుటన ఒక అంకె ఉంటుంది, ఒక్కో మజిలీ దాటినప్పుడల్లా ఒకటి తగ్గుతుంది. సున్నా అయితే అక్కడితో దాని ఆయువు తీరినట్టే. లేకపోతే దారి తప్పిన ప్యాకెట్లు కాశీకి పోయినవాళ్ళలా ఎప్పటికీ తిరుగుతూనే ఉండేవి.

మాట ఇవ్వనివాళ్ళ మధ్య పని ఎలా జరుగుతోంది? 1986 అక్టోబరులో జరగలేదు. కాలిఫోర్నియాలో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల, బర్క్‌లీ విశ్వవిద్యాలయం ఒకదానికొకటి నాలుగు వందల గజాల దూరం. ఆ రెండిటి మధ్య సెకనుకు 32,000 బిట్లు పోవలసిన చోట, ఒక్కసారిగా 40 బిట్లే పోయాయి. నలభై వేలు కాదు, ఉత్త నలభై. అంటే సెకనుకు ఐదు ఇంగ్లీషు అక్షరాలు. కాగితం మీద రాసుకుని నడిచి వెళ్ళి ఇచ్చి వస్తే నయం.

తీగ తెగలేదు, యంత్రం చెడలేదు. రద్దీకి ఒక ప్యాకెట్ పోయింది, "అందింది" అన్న కబురు రాలేదు. పంపినవాడు మళ్ళీ పంపాడు, రద్దీ ఇంకొంచెం పెరిగింది, ఇంకొన్ని పోయాయి, అందరూ మళ్ళీ మళ్ళీ పంపారు. పెళ్ళి పందిట్లో పక్కవాడి మాట వినబడక మనం గొంతు పెంచితే, మన గొంతు మూలంగా వినబడనివాడు ఇంకా పెంచుతాడే, అలాగ. బోగీ గుమ్మంలో అందరూ ఒకేసారి ఎక్కబోయి, ఎక్కేవాడు లేడు, దిగేవాడు లేడు.

ఆ ప్రయోగశాలలోనే పనిచేసే వాన్ జాకబ్సన్, విశ్వవిద్యాలయంలోని మైక్ కారెల్స్‌తో కూర్చుని ఇదేమిటో చూశాడు. 1988లో అచ్చయిన జాకబ్సన్ వ్యాసంలోని ఉపాయం చదివిన రోజు నాకు తుని మామిడికాయలామె కళ్ళ ముందు కనబడింది. కొత్తగా ఎక్కేవాడు ముందు ఒక్క ప్యాకెట్ పంపాలి. అది చేరిందన్న కబురు వస్తే రెండు, అవీ చేరితే నాలుగు, ఆపైన ఎనిమిది. ఎక్కడో ఒకచోట ఒకటి పోతుంది. బోగీ నిండిందనడానికి అదొక్కటే గుర్తు. వెంటనే వెనక్కి తగ్గాలి. తొలినాళ్ళలో టీసీపీ మళ్ళీ గుమ్మం దగ్గరికి పోయి ఒక్కదానితో మొదలుపెట్టేది. తర్వాతి రూపంలో సగానికి ముడుచుకోవడం నేర్చుకుంది. ముడుచుకున్నాక కాస్త కాస్తగా, ఒక్కొక్కటి చొప్పున జరగాలి. మళ్ళీ పోతే మళ్ళీ సగం.

పెరిగేటప్పుడు కొద్దికొద్దిగా, తగ్గేటప్పుడు ఒక్కసారిగా. ఇందులో పెద్ద గణితమేమీ లేదు, కొత్త యంత్రం ఒక్కటీ కొననక్కర్లేదు. దీన్ని అమలు చేయడానికి టీసీ లేడు, జరిమానా లేదు. బర్క్‌లీ వాళ్ళు పంచే యూనిక్స్ సాఫ్ట్‌వేర్‌లో ఈ మార్పు చేర్చారు, వాడినవాళ్ళకు బాగుంది, పాకిపోయింది. మీ ఫోనూ నా ఫోనూ, కోటానుకోట్ల యంత్రాలూ ఏ సంబంధమూ లేని ఇంకో యంత్రానికి చోటివ్వడానికి క్షణక్షణం ముడుచుకుంటున్నాయి. ఎవరి కోసం జరిగామో జరిగినవాళ్ళకు తెలియదు, ఎవరు జరిగితే చోటు దొరికిందో ఎక్కినవాళ్ళకూ తెలియదు. క్లాసులో ఇది చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం మారేదని, ఇప్పుడు ఉద్యోగంలో ఉన్న పాత విద్యార్థి ఒకమ్మాయి అంది.

తువ్వాలు వేసేవాళ్ళు ఇక్కడా ఉన్నారు. బండి ఇంకా ఆగకముందే కిటికీలోంచి తువ్వాలో దిండో విసిరి సీటు ఆపే ఘనులను చూశాం కదా. పది పన్నెండేళ్ళు ముడుచుకోవడమే పద్ధతిగా సాగాక డౌన్‌లోడ్ మేనేజర్లని వచ్చాయి. ఒక్క ఫైలు కోసం ఎనిమిది, పది కనెక్షన్లు తెరిచేవి. ఒక్కో కనెక్షనూ విడివిడిగా మర్యాదస్తురాలే, ఒకటి ముడుచుకున్నా తక్కినవి అలాగే ఉంటాయి. ఒకే కుటుంబం పది తువ్వాళ్ళు వేసినట్టు. బ్రౌజర్లు కూడా చాలాకాలం ఒక్కో సైటుకు ఆరేసి తువ్వాళ్ళు వేసేవి. మా కాలేజీ ల్యాబులో మధ్యాహ్నం సినిమా దించుకునే మహానుభావుణ్ణి అలాగే పట్టుకున్నాను. తిట్టలేదు. అతనితోనే ఆ రోజు పాఠం చెప్పించాను.

మొహమాటం మీద బతికేవాళ్ళకు మోసపోయే గండమూ ఉంటుంది. ఏ చిరునామాకు ఏ దారో పెద్ద పెద్ద వలలు ఒకదానికొకటి చెప్పుకుంటాయి. చెప్పినది నమ్మడమే పద్ధతి. 2008 ఫిబ్రవరిలో పాకిస్తాన్‌లో యూట్యూబ్‌ను ఆపమని ఉత్తర్వు వచ్చింది. అక్కడి టెలికాం సంస్థ తమ దేశం వరకు "యూట్యూబ్‌కు దారి ఇటు" అని ఒక ఉత్తుత్తి బోర్డు పెట్టుకుంది. ఆ బోర్డు పొరపాటున గడప దాటింది, హాంకాంగ్‌లోని పెద్ద సంస్థ దాన్ని నిజమనుకుని ప్రపంచానికి చాటింది. దాదాపు రెండు గంటలసేపు లోకంలోని చాలామంది యూట్యూబ్ ప్రేక్షకులు పాకిస్తాన్‌లోని మూసిన తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. కుట్రేమీ లేదు. ఊళ్ళో ఎవరినో దారి అడిగితే తెలిసినట్టు చెయ్యి చూపిస్తారే, అంతే.

మన దేశంలో జనానికి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న, విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా నాలుగు మహానగరాల్లో మొదలైంది. మా దాకా వచ్చేసరికి ఇంకొన్నేళ్ళు పట్టింది. వచ్చిందీ టెలిఫోను తీగ మీదే. మోడెమ్ ఆ కీచు రాగాలన్నీ తీసి కనెక్టయితే ఇంటి ఫోను ఎంగేజ్. జనరల్ బోగీలో నిలబడటానికి ముందు రిజర్వేషన్ టికెట్ కొనడమన్నమాట! 2001లోనో ఎప్పుడో ల్యాబులో పిల్లలకు ప్యాకెట్ ఏ ఏ మజిలీలు తొక్కుతుందో చూపించే చిన్న ప్రోగ్రామ్ నడిపించాను. దాన్ని రాసింది కూడా వాన్ జాకబ్సనే. విశాఖలో బయల్దేరిన మా ప్యాకెట్ హైదరాబాదు చేరాలి. అది ముంబై పోయి, సముద్రం దాటి, అమెరికాలో రెండు మూడు ఊళ్ళు చూసి, తిరిగి మన దేశానికి వచ్చింది. తల చుట్టూ తిప్పి ముక్కు చూపించడమంటే ఇదేరా అన్నాను. మన దేశపు కంపెనీలు ఇక్కడే ఒకదానితో ఒకటి కలుసుకునే చోటు లేకపోవడమే కారణం. 2003లో నిక్సీ అనే ఉమ్మడి కూడలి పెట్టాక ఆ విదేశయాత్రలు తగ్గాయి.

తెలుగు అక్షరం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, మళ్ళీ మరిచిపోతాను. ఈ బోగీలో ఇంగ్లీషు అక్షరం ఒక బైటు చోటులో కూర్చుంటుంది. మన అక్షరానికి మూడు కావాలి, గుణింతానికి వేరే మూడు, వత్తుకు వేరే. 'స్త్రీ' అని రాస్తే చూపుకు ఒక్క అక్షరం, లోపల సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, గుడిదీర్ఘం. ఆరు మూళ్ళు పద్ధెనిమిది. బర్క్‌లీలో ఆ రద్దీ రోజున అయితే ఈ ఒక్క అక్షరం గడప దాటడానికి మూడున్నర సెకన్లు పైగా పట్టేది. మామూలుగా ఒక ప్యాకెట్‌లో 1,500 బైట్లకు మించి ఎక్కవు. అమ్మ వాట్సాప్‌లో పంపే ఆశీర్వచనం చాలాసార్లు రెండో పెట్టె కూడా తగిలించుకునే వెళ్తుంది.

ఇవన్నీ పైన మబ్బుల్లో, ఉపగ్రహాల్లో జరుగుతాయనుకుంటారు చాలామంది. క్లౌడ్ అని పేరు పెట్టినవాళ్ళను అనాలి. ఖండాల మధ్య పోయేదంతా దాదాపుగా సముద్రం అడుగున గాజు పోగుల్లోంచే పోతుంది. ఒడ్డుకు దూరంగా లోతు నీళ్ళలో ఆ కేబుల్ తోటకు నీళ్ళు పెట్టే గొట్టమంత లావు, అంతే. 2008 జనవరి 30న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా దగ్గర మధ్యధరా సముద్రంలో అలాంటివి రెండు తెగాయి. మన దేశం నుంచి బయటికి పోయే దారిలో సగం దాకా పోయింది. ఆ వారం మా ల్యాబులో పేజీ తెరవమని నొక్కి, టీ తాగి వచ్చేవాళ్ళం. కానీ తెరుచుకునేది. పడమటి దారి పోయిన ప్యాకెట్లు తూర్పున సింగపూర్ వైపు మళ్ళాయి, అక్కడ ముందే కూర్చున్నవి జరిగాయి. ఒక బండి రద్దయితే దాని జనమంతా వెనక బండిలో ఎక్కిన రోజులా ఉండింది, ఊపిరాడలేదు గానీ అందరం ఊరు చేరాం. ఆ కేబుళ్ళు ఇన్నాళ్ళూ ముంబై, చెన్నై, కొచ్చి లాంటి చోట్లే ఒడ్డెక్కేవి. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో 1,500 కోట్ల డాలర్ల కేంద్రం పెడతామని ప్రకటించినప్పుడు సముద్రపు కేబుళ్ళు కూడా మన తీరానికి తెస్తామంది. వస్తే చూడటానికి వెళ్ళాలని ఉంది. చూడటానికి ఏమీ ఉండదు, ఇసుక కింద ఒక మ్యాన్‌హోల్ మూత ఉంటుంది, అయినా సరే.

రిటైరయ్యాక బండెక్కే పని తగ్గింది. ఎక్కినా పిల్లలు ముందే చైర్‌కార్‌లో బుక్ చేస్తారు. ఎవరి నంబరు వారిది, జరగమని అడిగేవాళ్ళు లేరు. ఒకసారి పక్క సీటామెతో తుని నుంచి విశాఖ దాకా ఒక్క మాటా మాట్లాడకుండా వెళ్ళాను.

డల్లాస్‌లో ఉన్న మా అమ్మాయి రాత్రి తొమ్మిదికి, అంటే తనకు పొద్దున్న, వీడియో కాల్ చేస్తుంది. ఈ కాల్‌లో పద్ధతి కొంచెం వేరు. పోయిన ముక్కను మళ్ళీ తెప్పించి కూర్చుంటే మాట ఆలస్యమైపోతుంది, అందుకని చాలావరకు పోయినదాన్ని పోనిచ్చి ముందుకు సాగుతుంది. మళ్ళీ పంపించుకునే బాధ్యత మా అమ్మ తీసుకుంది. ఎనభై నాలుగేళ్ళ ఆవిడ ఫోను ముందుకు వంగి, మాట తెగినప్పుడల్లా "ఆఁ? ఏంటమ్మా? మళ్ళీ చెప్పు" అంటుంది. మనవరాలు మళ్ళీ చెబుతుంది.

మా వీధికి వచ్చే ఫైబర్ పోగు ఒకటే, స్తంభం దగ్గర చీల్చి ఇళ్ళకు పంచారు. నిన్న రాత్రి అమ్మాయి ఏదో చెబుతుండగా ముఖం మసకబారింది. కళ్ళజోడు అంచులు కరిగిపోయి, వెనక కిటికీ రంగుల గళ్ళుగా విడిపోయింది. మాట మాత్రం ఆగలేదు. అమ్మ ఫోనును చీరకొంగుతో తుడవబోయింది.

"అద్దం తప్పు కాదమ్మా" అన్నాను. "పక్కింటివాళ్ళు మ్యాచ్ పెట్టినట్టున్నారు. మనది కాస్త జరిగింది."

అమ్మ కొంగు వదిలేసి, సోఫాలో నాకోసం ఇంకొంచెం పక్కకు జరిగింది.